ఎండీ 127 ఎవరండీ?

ఏమండీ, పొద్దున్నే మొహం అలా వేలాడేసుకుని కూర్చున్నారేం? రాత్రి కంప్యూటర్ అప్‌గ్రేడ్ చేశారా? అనుకుంటూనే ఉన్నాను. ఒంటిగంట దాటినా మీ ముందుగదిలో లైటు ఆరలేదు. ఉబుంటునా, డెబియనా? సరే, ఏదైతేనేం. అప్‌గ్రేడ్ సాఫీగా అయింది. రీస్టార్ట్ అయింది. తీరా చూస్తే పిల్లల ఫొటోలుండే ఫోల్డరు ఖాళీ. రెండు డిస్కులు జతచేసి మీరు ముచ్చటగా కట్టుకున్న ఎండీ0 జాడ లేదు. దాని చోట ఎవరో ఎండీ127 అట, పిలవని పేరంటానికి వచ్చి పీట వేసుక్కూర్చున్నాడు. అంతేనా?

అయితే ముందు వెళ్ళి కాఫీ తాగి రండి. నేనిక్కడే ఉంటాను. ఫొటోలూ ఎక్కడికీ పోవు.

వచ్చారా? ఇప్పుడు చెప్తాను, నాకీ 127 అంటే భలే ఇష్టం. వాడు దొంగ కాదండీ, మీ ఎండీ0నే! చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నారు మీరు. జరిగిందేమిటంటే, లినక్స్ నిద్రలేచేటప్పుడు ఒక చిన్న చేతిసంచీతో బయల్దేరుతుంది. దాని పేరు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్. అసలు ఇల్లు తెరిచేదాకా కావాల్సిన సరంజామా అంతా అందులోనే. డిస్కుల జతల పేర్ల పట్టీ కూడా అందులోనే ఉండాలి. అప్‌గ్రేడ్ కొత్త కెర్నల్ తెస్తుంది, దానికి సంచీ కొత్తగా సర్దుతారు. జతల్ని కట్టే సాధనం ఎండీఆడమ్. మీ జత పేరు దాని కాన్ఫ్ ఫైల్లో ఏనాడూ రాయలేదనుకోండి, సంచీలోకి ఎక్కడినుంచి వస్తుంది? ఎండీఆడమ్ డిస్కుల్ని చూస్తుంది, ఇవి రెండూ ఒక జత అని గుర్తుపడుతుంది, కలుపుతుంది కూడా. పేరు మాత్రం తెలీదు. తెలీకపోతే తాత్కాలికంగా ఒకటి పెడుతుంది, 127తో మొదలుపెట్టి. ఇంకోటుంటే 126. ఆ తర్వాత 125. మీరు సున్నా నుంచి పైకి ఎక్కుతుంటే అది పైనుంచి కిందికి దిగుతుంది. ఎంత మర్యాదో చూడండి!

ఇంకో తమాషా ఉంది. జత కట్టినప్పుడు మీ కంప్యూటరు పేరు ఇంటిపేరులా డిస్కుల మీద రాసిపెడతారు, దాన్ని హోమ్‌హోస్ట్ అంటారు. అప్‌గ్రేడ్ ధ్యాసలో కంప్యూటరు పేరు గనక మార్చారో, 'ఈ ఇంటిపేరు మనది కాదే' అంటుంది సిస్టమ్. పరాయివాళ్ళ కింద లెక్కేసి అప్పుడూ 127 దగ్గరే కూర్చోబెడుతుంది. మీరు పేరు మార్చారా? మార్చలేదా? సరే, మీ మాటే నమ్ముతాను.

ఈ రాతలన్నీ ఉండే చోటు సూపర్‌బ్లాక్. డిస్కుకి పుట్టుమచ్చ అనుకోండి. పాత 0.90 రకంలో అది డిస్కు చివర ఉండేది. ఇప్పుడు వాడుకలో ఉన్న 1.2లో మొదటినుంచి 4 కిలోబైట్ల అవతల ఉంటుంది. అందుకే నిన్నటి ఎస్‌డీఏ ఇవాళ ఎస్‌డీబీ అయినా జతకి ఏం నష్టం లేదు. అది పిలుపు పేరు చూడదు, పుట్టుమచ్చ చూస్తుంది. ఎండీఆడమ్‌ని ఎగ్జామిన్ చెయ్యమంటే మొత్తం చదివి వినిపిస్తుంది: ఏ జతకి చెందింది, అందులో ఎన్నోది, చివరిసారి ఎప్పుడు రాశారు. అన్నిటికన్నా నాకు ముద్దొచ్చేది ఈవెంట్స్ అనే అంకె. అది హాజరుపట్టీ అన్నమాట. రెండు డిస్కుల్లోనూ ఒకే అంకె ఉంటే ఇద్దరూ రోజూ బడికి వచ్చినట్టే. ఒకదానిలో తక్కువుంటే ఆ డిస్కు మధ్యలో ఎక్కడో డుమ్మా కొట్టింది. దాని మాట నమ్మకూడదు.

మర్చిపోయాను, జతల పరిస్థితి చూపించే ప్రోక్ ఎండీస్టాట్ చూశారా? చూడకుండానే బెంగపెట్టుకున్నారా! అక్కడ మీ జత పక్కన చదరపు బ్రాకెట్లలో రెండు యూ అక్షరాలుంటే పండగే, రెండు డిస్కులూ పనిలో ఉన్నాయి. ఒక యూ, పక్కన కింది గీత ఉంటే ఒకటి లేదు. ఆటో రీడ్ ఓన్లీ అని ఉంటే హడలిపోకండి. మొదటి రాత పడగానే అదే మామూలవుతుంది. ఇనాక్టివ్ అని ఉండి డిస్కుల పక్కన ఎస్ కనిపిస్తే, సభ్యులు వచ్చారు గానీ సభ మొదలుకాలేదు. జతని స్టాప్ చేసి, అసెంబుల్ స్కాన్ అనండి. చాలాసార్లు అంతటితో లేచి కూర్చుంటుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. క్రియేట్ అనే ఆదేశం జోలికి వెళ్ళకండి. 'పోయింది కదా, మళ్ళీ కట్టేద్దాం' అని చెయ్యి అటే లాగుతుంది. అది పాత పుట్టుమచ్చ చెరిపి కొత్తది పొడుస్తుంది. పైగా డిస్కులో మీ డేటా ఎక్కడ మొదలవ్వాలన్న లెక్క ఎండీఆడమ్ వెర్షన్లను బట్టి మారుతూ వచ్చింది. పాత వెర్షన్ కట్టిన జతని అప్‌గ్రేడ్‌తో వచ్చిన కొత్త వెర్షన్ మళ్ళీ కడితే, మొదలు వేరేచోట పడొచ్చు. ఫొటోలు అక్కడే ఉంటాయి, మీకు మాత్రం కనబడవు. అసెంబుల్ అనండి. క్రియేట్ వద్దు. నా మీద ఒట్టే!

అసలు ఈ డిస్కుల జతల ఆలోచన ఎక్కడిదనుకున్నారు? 1988లో బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ఒక పత్రం రాశారు. ఖరీదైన పెద్ద డిస్కు ఒక్కటి కొనేకంటే చవక డిస్కులు కొన్ని జట్టుకడితే పని జరగదా అని వాళ్ళ వాదన. దానికి రెయిడ్ అని పేరు పెట్టారు. రెయిడ్‌లో 'ఐ' అంటే అప్పట్లో ఇనెక్స్‌పెన్సివ్, చవకది. తర్వాత్తర్వాత దాన్ని ఇండిపెండెంట్ చేశారు. నాకు పాత పేరే బాగుంటుంది. చవకవి నాలుగు చేరి ఖరీదైనదాన్ని ఓడించడంలో ఉన్న మజా కొత్త పేరులో ఏదీ?

సరే, పనిలోకి రండి. ఎండీఆడమ్ డీటెయిల్ స్కాన్ ఇచ్చే వరుసని కాన్ఫ్ ఫైల్లో చేర్చండి. పాత వరుస ఏదైనా ఉంటే తీసెయ్యండి, రెండూ ఉంటే తగువే. వరుసలో 127 అని ఉంటే మీ సున్నా రాసుకోండి. తర్వాత అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్. ఇది మర్చిపోతే ఫైల్లో రాసి సంచీలో సర్దనట్టే, రేపు మళ్ళీ 127 వస్తాడు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో కూడా ఎండీ0 అని రాయడం మానేసి ఫైల్‌సిస్టమ్ యూయూఐడీ రాయండి. అప్పుడు ఎండీ ఏ నంబరుతో వచ్చినా మీకేం పట్టదు. అందులోనే నోఫెయిల్ అని మీరు ముందే పెట్టుకున్నారు కాబట్టి ఖాళీ ఫోల్డరైనా కనిపించింది. లేకపోతే డిస్కు కోసం 90 సెకన్లు ఎదురుచూసి, ఎమర్జెన్సీ మోడ్‌లో నల్లతెర చూపించేది.

రెండో యూ నిజంగానే లేకపోతే? ముందు కేబుల్ చూడండి. నవ్వకండి, కేబులే చూడండి! ఆ తర్వాత స్మార్ట్‌సీటీఎల్‌తో డిస్కు ఆరోగ్యం. బాగుంటే రీ యాడ్. రైట్ ఇంటెంట్ బిట్‌మ్యాప్ పెట్టుకుని ఉంటే మారిన ముక్కలే రాసుకుంటుంది, నిమిషాల్లో పని. లేకపోతే డిస్కంతా గంటలకొద్దీ. అప్పుడు ఎండీస్టాట్ తెరిచిపెట్టుకుని కూర్చోండి. బాణం గీత ఒక్కో అడుగూ జరుగుతుంది. శాతం, వేగం, ఇంకెన్ని నిమిషాలు, అన్నీ వస్తాయి. క్రికెట్ స్కోరు ఏం పనికొస్తుందండీ దాని ముందు!

డెబియన్‌లో ఏళ్ళ తరబడి ఒక ఆచారం ఉండేది. నెలలో మొదటి ఆదివారం, అర్ధరాత్రి దాటాక 57 నిమిషాలకి జతలన్నిటినీ సరిచూడ్డం. ఆ వేళ డిస్కులు గరగరమంటే దొంగలనుకుని లేచినవాళ్ళుంటారు.

అన్నట్టు, ఆ ఫొటోల కాపీ ఒకటి విడిగా ఇంకో డిస్కులో పెట్టి బీరువాలో దాచండి. ఇక్కడ పొరపాటున డిలీట్ నొక్కితే జతలో రెండూ ఒకేసారి చెరిపేస్తాయి.

మరి వెళ్ళండి, ఎండీస్టాట్ చూడండి. రెండు యూలూ కనబడగానే గోడ దగ్గరికొచ్చి ఒక్క కేకెయ్యండి, నేనూ వచ్చి చూస్తాను.