పులుపుకు ఎన్ని మార్కులు

2024 నవంబరు 9, బ్రస్సెల్స్

కొత్త నోటుబుక్కు. మొదటి పేజీలో బీరు పోటీల్లో వాడే లెక్క ఒకటి రాసుకున్నాను. మొత్తం 50: వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో ఆనే తీరుకు 5, మిగిలిన 10 మొత్తమ్మీద ఎలా ఉందన్నదానికి. కంటికి మూడే ఇచ్చారు. ఆ లెక్క వేసినవాళ్ల మీద గౌరవం కలిగింది.

నవంబరు 16, ఆండర్లెఖ్ట్

కాంటియోన్‌కు వెళ్లాను. 1900లో మొదలైన బ్రూవరీ, ఇప్పుడు మ్యూజియం కూడా. పైకప్పు కింద పళ్లెంలా పరుచుకున్న రాగి తొట్టి. చలి రోజుల్లోనే కాస్తారు. కాచిన ధాన్యపు రసాన్ని ఆ తొట్టిలో పోసి రాత్రంతా వదిలేస్తారు. ఈస్టు ఎవరూ వెయ్యరు. గాలిలోవీ, ఆ పాత కట్టడాన్ని పట్టుకుని ఉన్నవీ వచ్చి చేరతాయి. ఎండాకాలమైతే రసం తొందరగా చల్లారదు, పాడుచేసే క్రిములు పెరుగుతాయి.

ఆ రసానికి మూడింట రెండు వంతులు మొలకకట్టి ఆరబెట్టిన బార్లీ, ఒక వంతు మొలకకట్టని గోధుమలు. హాప్స్ మాత్రం ఏళ్ల తరబడి నిలవ ఉంచినవి: చేదు తగ్గాలి, కాపాడే గుణం మిగలాలి. ఆ తర్వాత ఓక్ పీపాలు. అలా పులిసిందే లాంబిక్. సాలెగూళ్లు దులపరు. సాలీళ్లు ఈగలను పట్టుకుంటాయని. ఆ బూజు కింద నిలబడితే, పనిచేసేవాటిని పనిచేసుకోనిచ్చే ఓపిక కనిపించింది. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

గూజ్ పోశారు. ఏడాది లాంబిక్, రెండేళ్లది, మూడేళ్లది కలిపి సీసాలో బిగిస్తారు. లేతదానిలో మిగిలిన చక్కెర సీసాలోనే మళ్లీ పులిసి నురగనిస్తుంది. మొదటి గుక్కకు దవడలు లాగాయి. కొట్టంలో తడి గడ్డి వాసన. 31 వేశాను. సగానికి వచ్చేసరికి నిమ్మతొక్క, పచ్చి ఆపిల్. అడుగుకు చేరేసరికి గడ్డి వాసనే కావాలనిపించింది. 31 కొట్టేసి 43.

నవంబరు 17

నల్లగొండకు ఫోన్ చేసి చిన్నాయనకు చెప్పాను. ఆయన నవ్వి, "గాలికే పులుస్తదా? మన కల్లు గట్లనే గదా బిడ్డా" అన్నాడు.

నిజమే. చెట్టును గీసిన చోట కారే నీరు లొట్టిలో పడ్డప్పటి నుంచే పులవడం మొదలు. పొద్దున దించింది తియ్యన, పగటేళకు పులుపు. లాంబిక్‌కు ఏళ్లు పట్టేది కల్లుకు గంటల్లో. చిన్నాయన ఒక్క గుక్కతో అది తాటిదా ఈతదా, ఎంతసేపటి కింద దించిందో చెప్తాడు. ఎన్నడూ మార్కులు వెయ్యలేదు. నా పట్టికలో ఆ తెలివికి గడి లేదు. అది నన్ను బాధపెడుతోంది.

నవంబరు 30, బాంబెర్గ్

ష్లెంకెర్లా బ్రూవరీ, పొగ వాసన బీరు. బీచ్ చెట్టు కట్టెల పొగలో ఆరబెట్టిన మాల్ట్, 5.1 శాతం ఆల్కహాల్. చెక్క పీపా నుంచే పట్టి ఇస్తారు. మొదటి గ్లాసుతో తీర్పు చెప్పొద్దని ఇక్కడివాళ్లు అంటారు. నాకా అవసరం పడలేదు. ముక్కు దగ్గర పెట్టుకోగానే అమ్మమ్మ ఇంటి దాలి, పిడకల సెగకు ఎర్రగా కాగిన పాలు. పక్క బల్ల మీద ఎవరో మొహం తిప్పుకున్నారు. ఆయన ముక్కుకు దాలి తెలియదు. 45.

డిసెంబరు 1, లైప్‌జిగ్

గోజ. ఉప్పు, ధనియాలు వేసిన పుల్లటి గోధుమ బీరు. 1966లో చివరి బ్రూవరీ మూతపడి ఈ రకమే కనుమరుగైంది, 1980లలో తిరిగి పుట్టించారు. ఎండాకాలపు మజ్జిగకు దగ్గరి చుట్టం. 39. ఉప్పు ఇంకాస్త పడాల్సింది.

డిసెంబరు 14, బ్రస్సెల్స్

పట్టిక మార్చాను. పక్కపక్కనే రెండు గడులు: మొదటి గుక్క, చివరి గుక్క. లాంబిక్‌లో పుల్ల చెర్రీలు నానేసిన క్రీక్ సీసా తీశాను, చాలాకాలంగా దాచింది. మొదటిది 40. చివరిది 36. పండు వాసన ముందే తగ్గిపోయి ఉంది, పులుపొక్కటే మిగిలింది. చెర్రీలది ఈసారి తాజాగా ఉండగానే తాగాలి.