నుదుటి అంచు

టీవీ సీరియల్లో కోడలు నిద్ర లేచే తీరు చూస్తే నాకు అసూయ. పాపిట చెదరదు. దిండుకు నలిగిన జుట్టు లేచి నిలబడదు. అత్తగారు అర్ధరాత్రి గెంటేసినా కురులు భుజం మీద పొందికగానే పడతాయి. దీనికి హెయిర్ డ్రెస్సర్‌ని ఆడిపోసుకోకండి. చింపిరి జుట్టు చేయడం ఆమెకు బాగానే వచ్చు, వద్దనేది పైవాళ్లు.

నిజానికి నున్నగా దువ్వడం కన్నా చెదిరినట్టు దువ్వడమే కష్టం. ఎన్నిసార్లు చెదిరినా ఒకేలా చెదరాలి మరి. హీరోయిన్ వీధిలో పరుగెత్తుకుంటూ గుమ్మం దాకా రావడం ఈ వారం ఏ పల్లెలోనో తీస్తారు. గుమ్మం దాటి లోపల అడుగుపెట్టడం వచ్చే నెల స్టూడియో సెట్లో. తెర మీద ఆ రెంటికీ మధ్య రెప్పపాటే. ఎడమ చెవి మీద జారిన పాయ కుడివైపు కనబడిందా, కంటిన్యూటీ పోయినట్టే. అందుకే షాటు అవగానే ముందూ వెనకా ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకుంటారు. మల్లెపూలతో ఇంకో తంటా. లైట్ల వేడికి మధ్యాహ్నానికల్లా వాడిపోతాయి, కథలో మాత్రం ఇంకా పొద్దుటి పూటే.

ఇక విగ్గు. సన్నని లేసు మీద ఒక్కో వెంట్రుకనూ కొక్కెం సూదితో ముడి వేస్తారు. తిరుమలలో టీటీడీ వేలం వేసే తలనీలాల్లాంటి జుట్టే ఇలా విగ్గులై ఎవరెవరి నెత్తికో ఎక్కుతుంది. లేసు అంచును నుదుటికి గమ్ముతో అతికించి, మేకప్‌తో చర్మంలో కలిపేయాలి. పౌరాణికాల్లో ఆ అంచును చాలావరకు కిరీటం కాచేది. ఇప్పటి క్లోజప్ దేన్నీ క్షమించదు.

ఆ అంచు దగ్గర జుట్టు పని ఎక్కడ ఆగిందో, మేకప్ ఎక్కడ మొదలైందో చెప్పండి చూద్దాం! ముంబై సినిమా సంఘం మాత్రం చెప్పింది. ఆడవాళ్లు హెయిర్ డ్రెస్సర్లుగానే ఉండాలి, మేకప్ మగవాళ్లదని నిబంధన పెట్టింది. మేకప్ ఆర్టిస్ట్ చారు ఖురానా కోర్టుకెక్కితే, 2014 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

బహుమతులిచ్చేవాళ్లకూ ఈ గీత మీద మమకారమే. ఆస్కార్‌లో మేకప్ విభాగం 1981 సినిమాలతో మొదలైతే, దాని పేరులో కేశాలంకరణ చేరింది 2012 సినిమాలకు. మన జాతీయ పురస్కారాల్లో మేకప్‌కు రజత కమలం ఉంది, జుట్టుకు విడిగా ఏమీ లేదు. జడ బరువు తెలిసిన దేశంలో ఇదేం లెక్కో మరి.