ఒక్కడు తొక్కితే ఏమవుతుంది?

పిల్లలూ, నేను చాలా ఏళ్లు ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసినవాణ్ణి. మా బడితోటలో "గడ్డి తొక్కరాదు" అని బోర్డు రాయించింది నేనే. ఒకనాడు ఒక కుర్రవాడు గడ్డికి అడ్డంపడి నడుస్తూ నాకు దొరికాడు. "ఒక్కణ్ణి తొక్కితే ఏమవుతుందండీ?" అని అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. వాణ్ణి గంటసేపు బల్ల ఎక్కించాను.

ఆ ప్రశ్నకు జవాబు నాకు 66వ ఏట దొరికింది.

పోయిన ఏడు అమెరికాలో మా అమ్మాయి ఇంటికి వెళ్లాను. వాళ్లు నన్ను యూటా రాష్ట్రంలోని ఆర్చెస్ జాతీయ పార్కుకు తీసుకుపోయారు. అక్కడ ఎర్రని ఇసుకరాళ్లు నీటికీ మంచుకూ అరిగి, కమానుల్లాగా నిలబడ్డాయి. అటువంటివి 2,000కు పైగా ఉన్నాయి! వాటి దగ్గరికి కాలిబాటలున్నాయి. బాట విడిచి నడవరాదని బోర్డులు కూడా ఉన్నాయి.

బోర్డు చదివాను. అయినా, కమాను ఫోటోలో పూర్తిగా పడటం లేదని బాట దిగాను. వట్టి ఎడారి ఇసుకే గదా, ఒక్కణ్ణి తొక్కితే ఏమవుతుంది అనుకున్నాను. నాలుగడుగులు వేశానో లేదో, "తాతయ్యా, ఆగు! ఆ నేలకు ప్రాణం ఉన్నది!" అని పదేళ్ల మనుమరాలు కేకపెట్టింది.

వంగి చూశాను. ఇసుక మీద మాడిన అట్టులాగా నల్లని, గరుకైన పొర ఒకటి ఉన్నది. నా బూటు కింద అది కరకరమని విరిగింది.

ఆ పొర ఏమిటో తెలుసా? సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులూ, లైకెన్లూ, నాచులూ కలిసి అల్లుకున్న దుప్పటి అది. నేల తడిసినప్పుడు ఆ సూక్ష్మజీవులు ఇసుకలో కదులుతూ జిగురుపోగులు విడుస్తాయి. ఆ పోగులు ఇసుకరేణువులను పట్టి ఉంచుతాయి. అందువల్ల గాలికి నేల లేచిపోదు. ఆ పొరలోని జీవులు గాలిలోని నత్రజనిని మొక్కలకు పనికివచ్చేట్టు మారుస్తాయి కూడాను. ఒకసారి విరిగితే అది మళ్లీ మునుపటిలాగా కావటానికి పదుల ఏళ్లు పట్టవచ్చు.

"ఇప్పుడేం చెయ్యనమ్మా?" అన్నాను.

"వేసిన అడుగుల్లోనే అడుగులు వేస్తూ వెనక్కి రా, తాతయ్యా!"

అట్లాగే వచ్చాను. నా అడుగులు మాత్రం అక్కడే ఉండిపోయినై. నాకంటే అవే ఎక్కువకాలం ఉంటాయేమో!

ఆ పార్కుకు ఏటా పది లక్షలకు పైగా జనం వస్తారు. వచ్చే ప్రతివాడూ "ఒక్కడే" గదా!

మన నల్లమల పులుల అడవుల్లో కూడా ఏటా జులై నుంచి సెప్టెంబరు దాకా సఫారీలు ఆపేస్తారు. వానలకు అడవి బాటలు చెడతాయి. జంతువులు జతకట్టే కాలం కూడా అదేనని అంటారు. ఆ మూడు నెలలూ అడవి జంతువులది. మీరు వెళ్లిననాడు గేటు మూసి ఉంటే అలగకండి.

కాని బోర్డు చూసినప్పుడు "ఎందుకు?" అని తప్పక అడగండి. జవాబు తెలిసేదాకా బాటమీదే ఉండండి. అడిగినవాణ్ణి బల్ల ఎక్కించటం నా తప్పు. ఆ కుర్రవాడు ఇప్పుడు పెద్దవాడై ఉంటాడు. తన పిల్లల కోసం ఈ పత్రిక కొని, ఇది చదివితే, అతడు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇదే.