మీ పిల్లల ఫిజిక్స్‌కి మీ తెలుగు చాలు



పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయిపోయాక చాలామంది నాతో అనే మాట ఒకటుంది. "మేడం, మాది తెలుగు మీడియం. చిన్న క్లాసుల్లో ఎలాగో కూర్చోబెట్టి చెప్పాం. ఇప్పుడీ ఫిజిక్స్ మా వల్ల కాదు. ఇక అంతా మీదే భారం." కొందరు నవ్వుతూ అంటారు. కొందరి గొంతులో మాత్రం కాస్త బాధ వినిపిస్తుంది. నేను ఎనిమిదో తరగతికి ఫిజిక్స్ చెప్తాను, అదీ ఇంగ్లిష్‌లోనే. అయినా ఈ నెల మా క్లాసులో నడిచిన పాఠం చూశాక, ఆ మాటకి నాలుగు ముక్కలు జవాబు రాయాలనిపించింది.

ఆ పాఠం ఫోర్స్, మాస్, యాక్సిలరేషన్. పూర్తి లెక్కలతో ఇది తొమ్మిదో తరగతిలో వస్తుంది. ఫౌండేషన్ పిల్లలకి మేం ఎనిమిదిలోనే పరిచయం చేస్తాం. "ఎఫ్ ఈజ్ ఈక్వల్ టు ఎం ఏ" అని నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఐదు కిలోల వస్తువు, యాక్సిలరేషన్ రెండు, ఫోర్స్ ఎంత? పది న్యూటన్లు. స్లిప్ టెస్ట్‌లో దాదాపు అందరికీ ఫుల్ మార్కులే.

ఆ తర్వాత బోర్డు తుడిచేసి ఒక ప్రశ్న అడిగాను. సూపర్ మార్కెట్‌లో ఖాళీ ట్రాలీని, 25 కిలోల బియ్యం బస్తా ఉన్న ట్రాలీని ఒకే బలంతో తోస్తే ఏమవుతుంది, ఎందుకు? క్లాసంతా నిశ్శబ్దం. ఒకరిద్దరు "మాస్ ఈజ్ మోర్..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. "సరే, తెలుగులో చెప్పండి" అన్నాను. ఒక్కసారిగా చేతులు లేచాయి. "బస్తా ఉన్నది మొండికేస్తుంది మేడం, తొందరగా స్పీడందుకోదు" అన్నాడు వెనక బెంచీ అబ్బాయి. పాఠంలో అసలు సంగతి ఆ ఒక్క వాక్యంలో వచ్చేసింది. అదే వాక్యాన్ని ఇంగ్లిష్‌లో ఎలా రాయాలో చెప్పడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. వాక్యమే లేకుండా సూత్రం ఒక్కటే ఉంటే ఐదు రోజులైనా చాలవు.

మన మాటల్లోనే అర్థం ఉంది

మీరు పదో తరగతిలో చదువుకున్న మాటలు ఒకసారి గుర్తు చేసుకోండి. ఫోర్స్ అంటే బలం. మాస్ అంటే ద్రవ్యరాశి. యాక్సిలరేషన్ అంటే త్వరణం. ఇవి పరీక్ష కోసం కంఠస్థం చేసిన మాటలే కావచ్చు. కానీ విడదీసి చూస్తే పాఠం అందులోనే ఉంది.

ద్రవ్యరాశి అంటే వస్తువులో ఉన్న పదార్థపు రాశి. కళ్లంలో ధాన్యం రాశి అంటాం కదా, ఆ రాశే. బియ్యం బస్తాను చంద్రుడి మీదకు తీసుకెళ్లినా అందులో ఒక్క గింజ కూడా తగ్గదు. అందుకే ద్రవ్యరాశి అక్కడా 25 కిలోలే. మారేది భారం. చంద్రుడు లాగే బలం భూమి లాగేదాంట్లో ఆరో వంతు, కాబట్టి అక్కడ బస్తా ఎత్తడం తేలిక. పిల్లలు మాస్‌కి, వెయిట్‌కి మధ్య పడే తికమకంతా ఇక్కడే ఉంది. పైకెత్తడం తేలికైనా, పక్కకు తోసి పరిగెత్తించాలంటే మాత్రం అక్కడ కూడా అది ఇక్కడంతే మొండికేస్తుంది.

త్వరణంలో ఉన్నది త్వర. "త్వరగా రా" అని రోజూ పొద్దున మీరు పిల్లల్ని పిలిచే మాటే. అయితే ఇక్కడ ఒక్క జాగ్రత్త కావాలి. త్వరణం అంటే వేగం కాదు, వేగం మారే తీరు. ఎన్‌హెచ్ మీద బస్సు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో తిన్నగా, ఒకే తీరుగా పోతుంటే దాని త్వరణం సున్నా. బస్టాండులోంచి అప్పుడే మెల్లగా కదిలిన బస్సుకు త్వరణం ఉంది. బ్రేకు వేసినప్పుడూ ఉంటుంది, మలుపు తిరిగేటప్పుడూ ఉంటుంది. మనం ముందుకో వెనక్కో పక్కకో తూలితే, అక్కడ వేగం మారుతోందని అర్థం.

ఇప్పుడు మూడింటినీ కలిపి చూడండి. ఒకే వస్తువును రెట్టింపు బలంతో తోస్తే త్వరణం రెట్టింపవుతుంది. ఒకే బలంతో రెట్టింపు ద్రవ్యరాశిని తోస్తే త్వరణం సగమవుతుంది. సూత్రంలో ఉన్నది ఇంతే. ఒక కిలో వస్తువు వేగాన్ని ప్రతి సెకనుకూ సెకనుకు ఒక మీటరు చొప్పున పెంచే బలాన్ని ఒక న్యూటన్ అంటారు. 100 గ్రాముల వస్తువును అరచేతిలో పెట్టుకుంటే చేతి మీద పడే భారం దాదాపు అంత ఉంటుంది.

ఇంకో సంగతి. న్యూటన్ ఈ నియమాన్ని ఇంగ్లిష్‌లో రాయలేదు. 1687లో వచ్చిన ఆయన 'ప్రిన్సిపియా' లాటిన్ పుస్తకం. దానికి ఇంగ్లిష్ అనువాదం 1729లో వచ్చింది, అప్పటికి ఆయన చనిపోయి రెండేళ్లయింది. బలానికి ఏ మీడియమూ లేదు.

లెక్క ఇంటికి వచ్చినప్పుడు

క్లాసులో క్రికెట్ గురించి మాట్లాడితే నిద్రపోయేవాడు కూడా లేస్తాడు. క్రికెట్ బంతి బరువు దాదాపు 160 గ్రాములు. అది సెకనుకు 20 మీటర్ల వేగంతో, అంటే గంటకు 72 కిలోమీటర్లతో వస్తోందనుకోండి. చేతులు బిగించి పట్టి సెకనులో నూరో వంతులో ఆపేస్తే చేతుల మీద 320 న్యూటన్ల బలం పడుతుంది. చేతులు వెనక్కి లాగుతూ సెకనులో పదో వంతు సమయం తీసుకుంటే 32 న్యూటన్లే. బంతి అదే, వేగం అదే. ఆగడానికి సమయం పెరిగింది, త్వరణం తగ్గింది, బలం తగ్గింది. మంచి ఫీల్డర్లకు ఈ సూత్రం చేతుల్లోనే ఉంటుంది.

దీని తర్వాత బోర్డు మీద బంతి తీసేసి పది కిలోల పసిపాపను పెట్టాను. కారు వేగం గంటకు 40 కిలోమీటర్లు, అంటే సెకనుకు సుమారు 11 మీటర్లు. సిగ్నల్ చూసి నాలుగు సెకన్లలో మెల్లగా ఆగితే పాప ముందుకు జారకుండా పట్టుకోవడానికి కావలసిన బలం 28 న్యూటన్ల లోపే, దాదాపు మూడు కిలోల బరువు మోసినంత. అదే కారు దేన్నైనా గుద్ది సెకనులో పదో వంతులో ఆగిపోతే? పిల్లలే లెక్క కట్టారు. 1100 న్యూటన్లు. అంటే నూటపది కిలోలకు పైగా బరువు, అదీ కన్ను మూసి తెరిచేలోపు. ఏ తల్లి చేతులూ, ఏ తండ్రి చేతులూ ఆపలేవు. ప్రేమ తక్కువై కాదు, బలం చాలక.

క్లాసు కాసేపు మాట్లాడలేదు. అప్పుడొక అమ్మాయి మెల్లగా అంది, "మేడం, మా తమ్ముణ్ణి అమ్మ ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకుంటుంది." తర్వాతి వారం తనే వచ్చి చెప్పింది. ఇంట్లో నాన్నకు ఈ లెక్క నోట్‌బుక్‌లో వేసి చూపించిందట, తెలుగులో వివరించిందట. తమ్ముడు ఇప్పుడు వెనక సీట్లో, పిల్లల సీటులో బెల్టుతో కూర్చుంటున్నాడు. ఆ అమ్మాయికి ఈ పాఠం ఇక జీవితంలో మర్చిపోయే పని లేదు.

సీటు బెల్టు చేసే పనీ, హెల్మెట్ చేసే పనీ ఫీల్డర్ చేతులు చేసే పనే. హెల్మెట్ లోపల థర్మాకోల్ లాంటి పొర దెబ్బకు నలిగిపోతుంది. నలిగే ఆ కొద్ది సమయమే తల మీద పడే బలాన్ని తగ్గిస్తుంది. స్ట్రాప్ పెట్టుకోకపోతే హెల్మెట్ ముందే ఎగిరిపోతుంది, ఇక నలగడానికి అది తల మీద ఉండదు. చట్టం ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బైకు మీద హెల్మెట్ ఉండాలి. నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఎక్కించుకుంటే పిల్లల హెల్మెట్, నడిపేవారికి కట్టే హార్నెస్ ఉండాలని, వేగం 40 దాటకూడదని 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. స్కూటరు ముందు నిలబెట్టుకుని గేటు దాకా తెచ్చే తల్లిదండ్రులు మన స్కూల్లోనూ ఉన్నారు. తప్పు పట్టడానికి రాయడం లేదు. పొద్దున ఎనిమిదింటి హడావుడి నాకూ తెలుసు.

ఈ నెల ఇంట్లో

ట్యూషన్ అక్కర్లేదు. మూడు చిన్న పనులు చాలు.

సరుకులకు వెళ్లినప్పుడు ట్రాలీ పిల్లలకివ్వండి. ఖాళీగా ఉన్నప్పుడు కదిలించడం, ఆపడం ఎలా ఉందో, బియ్యం బస్తా పెట్టాక ఎలా ఉందో అడగండి. ఆపడానికి కూడా బలం కావాలన్న సంగతి చాలామందికి అక్కడే తెలుస్తుంది.

బస్సులోనో కారులోనో వెళ్తున్నప్పుడు "ఇప్పుడు త్వరణం ఉందా, లేదా?" అని అడగండి. స్పీడ్ ఎక్కువుంది కాబట్టి ఉంది అంటే, మళ్లీ ఆలోచించమనండి.

నీళ్లు నింపిన బెలూన్‌ని టెర్రస్ మీద ఒకరికొకరు విసురుకోండి. పగలకుండా పట్టుకునేవాళ్లు చేతులు ఎలా కదిలిస్తున్నారో చూడమనండి.

ప్రతిసారీ ఒక్కటే అడగండి: "ఎందుకు?" జవాబు తెలుగులో వచ్చినా, సగం ఇంగ్లిష్‌తో వచ్చినా సరిదిద్దకండి, చివరిదాకా విననివ్వండి మీ చెవుల్ని. వాళ్లు తమ మాటల్లో చెప్పగలిగాక, దాన్ని పరీక్షలో ఇంగ్లిష్‌లో రాయించే బాధ్యత నాది.