చుక్కే కదా అని...

మదనపల్లెలో ఆ ఇంటి ముందు గచ్చు మీద ఒక మరక. చిన్న పళ్లెమంత ఉంటుంది. ఎన్నిసార్లు కడిగినా పోదు. రాత్రిపూట పికప్ బండి నిలిపే చోటు అది. తెల్లవారి బండి తీశాక చూస్తే మరక మీద తడి. ఇంటావిడ ముగ్గును కాస్త పక్కకు జరిపి వేసుకుంటుంది. రెండేళ్లుగా అంతే!

ఆ బండికి ఓనరూ, డ్రైవరూ ఒకరే. యాభైకి దగ్గర పడిన మనిషి. బండి 2009 మోడల్. మీటరు 4,12,000 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయి చాన్నాళ్లయింది. మార్కెట్ యార్డులో వేలం అయ్యాక టమోటా క్రేట్లు ఎక్కించుకుని తిరుపతికి దిగడం, మర్నాడు ఖాళీ క్రేట్లతో వెనక్కి రావడం... ఇదీ జీవనం. సీటు వెనక ఎప్పుడూ రెండు ఐదు లీటర్ల నీళ్ల క్యాన్లు ఉంటాయి. తాగడానికనుకునేరు, రెండూ బండికే.

ఇంట్లో జమాఖర్చులన్నీ ఆవిడవి. డీజిలు, టైర్లు, ఇన్సూరెన్సు, ఏటేటా ఎఫ్.సి. ఖర్చు... అన్నీ ఒక నోటుబుక్కులో రాస్తుంది. లీకు సంగతి మాత్రం అందులోకి ఎక్కలేదు. బోరు నీళ్లకు డబ్బులేముంటాయి గనక రాయడానికి?

‘‘బండి కింద తడేంది? రిపేరు చేయించరాదా?’’ అని ఆవిడ అడిగినప్పుడల్లా ఆయనది ఒకటే మాట. ‘‘చుక్కే కదామే. నీళ్లు పోస్తే సరిపోతుంది.’’

ఆయన్ని తప్పు పట్టడమూ కష్టమే. షెడ్డులో ఒకరోజు బండి నిలబడితే ఆ రోజు కిరాయి పోయినట్టే. టమోటా నిలవుండే సరుకు కాదు. ఈయన రాకపోతే వ్యాపారి ఇంకో బండి మాట్లాడుకుంటాడు. రేపు ఆ బండినే మళ్లీ పిలుస్తాడు.

అసలు ఇంజినుకు ఈ నీళ్ల గోలేమిటి? తగలబెట్టిన డీజిలులో చక్రాలను తిప్పడానికి పనికొచ్చేది ఇంచుమించు మూడో వంతు. మిగిలినదంతా వేడే. అందులో కొంత సైలెన్సరు గుండా పోతుంది, ఇంకొంత వేడిని రేడియేటరు బయటికి మోయాలి. రేడియేటరు మూత చూడ్డానికి మామూలు మూతలా ఉంటుంది కానీ అది చేసే పని వంటింట్లో కుక్కరు మూత పనే. లోపల ఒత్తిడిని ఆపి ఉంచుతుంది. మామూలుగా 100 డిగ్రీల దగ్గర మరిగే నీళ్లు, దాదాపు ఒక బార్ ఒత్తిడి పెరిగితే 120 డిగ్రీల దాకా మరగవు. ఎక్కడో సన్నగా కారుతోందంటే నీళ్లు తగ్గడమొక్కటే కాదు, ఆ ఒత్తిడీ నిలవదు. గ్యాస్కెట్ పాడైన కుక్కరులో పప్పు ఎంతసేపటికీ ఉడకదు కదా... ఇక్కడ జరిగేది దానికి తిరగబాటు. ఉడకకూడనిది ఉడుకుతుంది.

ఈ రెండేళ్లలో ఆయన చేయని వైద్యం లేదు. రేడియేటరులో పసుపు పోశాడు. ఇది లారీ డ్రైవర్ల పాత చిట్కా. నిజంగానే సన్నటి పగుళ్లలో ఇరుక్కుని కొన్నాళ్లు ఆపుతుంది. కాకపోతే ఎక్కడ పగులుందో, ఎక్కడ నీళ్లు పారే సన్నటి గొట్టముందో పసుపుకేం తెలుసు? రెంటినీ మూస్తుంది. ఎండాకాలం వేడెక్కుతోందని ఎవరో చెబితే థర్మోస్టాట్ వాల్వు పీకించేశాడు. దాంతో పొద్దుటిపూట ఇంజిను త్వరగా వేడెక్కక డీజిలు తాగడం మొదలెట్టింది. నోటుబుక్కులో డీజిలు అంకె పెరిగిందని ఆవిడ గుర్తించింది గానీ, కారణం ఇద్దరికీ తట్టలేదు.

2024 మే నెలలో ఒకరోజు. ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో ఖాళీగా ఉన్న కొడుకు తండ్రికి తోడు వెళ్లాడు. తిరుపతిలో సరుకు దించారు. వచ్చేటప్పుడు ఖాళీ క్రేట్లతో పాటు సిమెంటు బస్తాల లోడు దొరికింది. దొరికిన కిరాయిని కాదనుకునేదెవరు? పదకొండు గంటల ఎండలో భాకరాపేట ఘాటు ఎక్కడం మొదలెట్టారు.

రెండో గేరు. ముల్లు ఎర్రగీత వైపు పాకుతోంది. ఆయన కళ్లు రోడ్డు మీద సగం, ముల్లు మీద సగం. పైదాకా వెళ్లి నీళ్లు పోద్దామనుకున్నాడు. ఇంతలో ముల్లు గబుక్కున కిందికి పడింది.

‘‘నాయినా, చల్లబడింది’’ అన్నాడు కుర్రాడు సంతోషంగా.

ఆయనా ‘‘హమ్మయ్య’’ అనుకున్నాడు. ఎవరైనా అదే అనుకుంటారు. కానీ వేడిని కొలిచే సెన్సరు నీళ్లలో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. నీళ్లు దాని కిందికి దిగిపోతే అది కొలిచేది ఖాళీనే. ముల్లు పడిపోయిందంటే ఇంజిను చల్లబడిందనుకోకూడదు, ఎండిపోయిందేమోనని చూసుకోవాలి. పెద్ద గొట్టం క్లిప్పు దగ్గర చీలి, మిగిలిన నీళ్లన్నీ అప్పటికే రోడ్డు పాలయ్యాయి.

మరో రెండు మలుపులు. లాగుడు తగ్గింది. కాలిన వాసన. బండిని పక్కకు తీసి ఆపేశాడు. ఆయన దిగేలోపే కుర్రాడు బానెట్టు ఎత్తి, భుజం మీది తుండు రేడియేటరు మూత మీద వేసి పట్టుకున్నాడు. తిప్పబోయాడు.

ఆయన వాడి చేతిని లాగిన లాగుడుకు కుర్రాడు రోడ్డు మీద కూలబడ్డాడు. 

తండ్రి ఎప్పుడూ చేయి చేసుకున్నది లేదు. వాడు బిత్తరపోయి చూశాడు. ఆయన ఏమీ అనలేదు, కుడిచేతి చొక్కా మడత పైకి లాగాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా ముడుతలు పడ్డ చర్మం. చిన్నప్పటి నుంచీ వాడు చూస్తున్నదే. ఎలా కాలిందని మాత్రం ఎన్నడూ అడగలేదు. ఇరవై రెండేళ్ల వయసులో, లారీ క్లీనరుగా ఉన్నప్పుడు, ఇలాగే తుండు వేసి మూత తిప్పాడు. మూత వదులైన క్షణంలో ఒత్తిడి పోయి, లోపల ఆగి ఉన్న నీళ్లు ఒక్కసారిగా మరిగి ఆవిరితో ఎగదన్నాయి. అంత వేడికి తుండు ఏం ఆపుతుంది?

చెట్టు కింద గంట కూర్చున్నారు ఇద్దరూ. గొట్టం చేత్తో పట్టుకునేంత చల్లబడే దాకా మూత ముట్టుకోలేదు. ఇంజినుకు తిరిగి ప్రాణం పోసే ప్రయత్నం మాత్రం ఫలించలేదు. సాయంత్రం ఇంకో బండి వెనక కట్టుకుని మదనపల్లె చేరారు.

షెడ్డులో మేస్త్రి, ఈయన పాతికేళ్ల స్నేహితులు. మేస్త్రి ఆయిలు మూత తీసి చూపించాడు. మూతకు లోపలివైపు పాలమీగడ లాంటిది. నీళ్లూ ఆయిలూ కలిసిపోయాయి. హెడ్డు గ్యాస్కెట్ పోయినట్టే.

‘‘ఎన్నాళ్ల నుంచి పోస్తున్నావ్‌నా నీళ్లు?’’

‘‘రెండేళ్లవుతోంది భాయ్.’’

‘‘బోరు నీళ్లా?’’

ఈయన తలూపాడు. మేస్త్రి పాత రేడియేటరు పక్క ట్యాంకు విప్పి లోపలికి టార్చి వేశాడు. ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున కట్టే తెల్లటి పొర... అదే పొర, దానికి తోడు తుప్పు, ఎప్పటిదో పసుపు. సగం గొట్టాలు మూసుకుపోయి ఉన్నాయి. కూలెంటులో గడ్డకట్టకుండా, త్వరగా మరగకుండా ఉంచే గ్లైకాల్‌తో పాటు తుప్పు పట్టనివ్వని మందులూ ఉంటాయి. కారినప్పుడల్లా వట్టి నీళ్లు పోస్తుంటే ఆ మందులు పలచబడి చివరికి లేకుండా పోతాయి. నీళ్లతో ఆయన నింపుతున్నది రేడియేటరునే, అందులోకి చేరుతున్నది మాత్రం సున్నం.

చుక్క ఎక్కడిదో కూడా తేలింది. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఒకటుంటుంది. లోపలి సీలు అరిగితే యజమానికి తెలియాలనే తయారీదారులు అక్కడ రంధ్రం పెడతారు. ఈయన దాన్ని ఎంసీల్ పెట్టి మూసేశాడు! నీళ్లు బేరింగులోకి పోయాయి. తడి తగ్గిందని ఆర్నెల్లు సంతోషించాడు కూడా. పంపు, గొట్టాలు, మూత అప్పుడే మార్చి ఉంటే రెండు మూడు ట్రిప్పుల కిరాయితో పోయేది. ఇప్పుడు హెడ్డు విప్పాలి, లేతు మిషను మీద సాపు చేయించాలి, గ్యాస్కెట్లు, రేడియేటరు కొత్తవి వేయాలి.

అమ్మేద్దామా అన్న మాటా వచ్చింది. ఈ స్థితిలో పాతసామాను ధర తప్ప రాదు. కొత్త బండి అంటే నెల నెలా కంతులు. ఆ రాత్రి ఆవిడ నోటుబుక్కు ముందేసుకుని చాలాసేపు కూర్చుంది. కొడుకు డిగ్రీ ఫీజుకని వేస్తున్న చీటీ ఒకటుంది. దాన్ని తగ్గించి పాడుకుంటే చేతికొచ్చేది తక్కువే. అయినా పాడారు.

పన్నెండు రోజులు బండి షెడ్డులోనే. వ్యాపారి ఇంకో బండి పెట్టుకున్నాడు. కుర్రాడు రోజూ షెడ్డుకెళ్లి మేస్త్రి పక్కన నిలబడేవాడు. చల్లటి ఇంజినుకు చేతిపంపుతో గాలి ఒత్తిడి పెట్టి లీకు ఎలా పట్టాలో వాడు అక్కడే చూశాడు. డిస్టిల్డ్ వాటరులో కూలెంటు సగానికి సగం కలపాలని, రంగు చూసి ఏదిబడితే అది కలపకూడదని నేర్చుకున్నాడు. తీసేసిన కూలెంటు కాలవలో పారబోయబోతే మేస్త్రి కసిరాడు. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, తాగితే మూత్రపిండాలు పోతాయి. పిల్లలున్న ఇళ్లలో ఆ డబ్బా అందనంత ఎత్తులో ఉండాలి.

బండి ఇంటికొచ్చిన రాత్రి ఆవిడ ఒక అట్టముక్క తెచ్చి ఇంజిను కింద పరిచింది. ఎవరూ చెప్పలేదు, తనే పరిచింది. తెల్లారి ముగ్గుపిండి చేత్తో పట్టుకునే వంగి చూసింది. అట్ట మీద ఒక చుక్క.

‘‘ఏమబ్బా, ఇట్లా రా!’’

ఆయన పరుగున వచ్చాడు. వెనకే కుర్రాడు. వాడు వేలితో చుక్క తుడిచి, రెండు వేళ్ల మధ్య నలిపి, వాసన చూశాడు.

‘‘నీళ్లు కాదుమా. ఆయిలు.’’

ఆయన ఊపిరి పీల్చుకుని ఏదో అనబోయాడు. ఆవిడ అప్పటికే నోటుబుక్కు కోసం లోపలికి వెళుతోంది.