బక్కప్రాణి

కడుపు నిండితే ఒళ్ళు వస్తుందని లోకం నమ్ముతుంది. డొక్కలు తేలిన దూడను చూసినా, ఎముకల గూడులా ఉన్న కుక్కపిల్లను చూసినా మన చేయి మొదట అన్నపు గిన్నె మీదికే వెళుతుంది. అది దయ, దానిని తప్పుపట్టవలసిన పని లేదు. అయితే ఆ దయయే ఒక్కొక్కప్పుడు ప్రాణం మీదికి తెస్తుందని ఎరిగినవారు తక్కువ. శ్రీకాకుళం జిల్లా టెక్కలికి చేరువలో ఒక పల్లెలో నివసిస్తున్న విశ్రాంత పశువైద్యశాల కాంపౌండరు ఒకరికి ఆ సంగతి తెలుసు. దానిని తెలుసుకొనడానికి చెల్లించిన మూల్యం కూడా ఆయనకు గుర్తుంది.

ఉద్యోగ విరమణ చేసి ఎన్నో ఏళ్ళు గడిచినా ఊరివారికి ఆయన నేటికీ డాట్రుబాబే. ఈనలేక అవస్థపడే ఆవు దగ్గరకూ, మేత ముట్టని ఎద్దు దగ్గరకూ ఆయనను పిలుచుకొని పోతారు. వెళ్ళగానే ఆయన మందుల సంచి విప్పరు. పశువు చుట్టూ ఒకసారి తిరుగుతారు. పేడ చూస్తారు. పెదవి ఎత్తి చిగుళ్ళ రంగు చూస్తారు. డొక్క మీద అరచేయి ఆనించి కాసేపు మౌనంగా నిలబడతారు. విరాటుని కొలువులో తంత్రీపాలుడన్న పేరుతో ఆలమందలను కాచిన సహదేవుడు కూడా బహుశా ఇంతకన్న భిన్నంగా చూసి ఉండడు. గుర్రాలకు శాలిహోత్రుడు, ఏనుగులకు పాలకాప్యుడు శాస్త్రం చెప్పారు. పల్లెటూరి పశువు గుట్టు తెలిసినవారి పేర్లు మాత్రం ఏ గ్రంథానికీ ఎక్కలేదు.

ఆయన మనుమరాలు విజయనగరంలో ఇంజనీరింగు చదివి, పై చదువులకు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రానికి వెళ్ళింది. ఒక నవంబరు ఉదయం ఆమె ఫోను తెరమీద ఒక వింత జంతువును చూపింది. పొడవైన ఒళ్ళు, పొట్టి కాళ్ళు, కళ్ళ చుట్టూ ముసుగు కట్టినట్టు నల్లని చార.

“ముంగిసను ఇంట్లో పెంచకూడదమ్మా, కేసు పెడతారు!” అన్నారు తాతగారు కంగారుగా.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఆయన మాట నిజమే. కాని అది ముంగిస కాదు, ఫెర్రెట్. సంస్కృతం నకులమని పిలిచే ముంగిసది వేరొక కుటుంబం. ఫెర్రెట్ మన నదుల్లో తిరిగే నీటికుక్కకు చుట్టం. కుందేళ్ళను బొరియల నుంచి తరమడానికి ఐరోపావారు దీనిని రెండువేల ఏళ్ళకు పూర్వమే మచ్చిక చేసుకొన్నారు. గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రచనలోనే ఈ వేట ప్రస్తావన ఉంది. నేడు అమెరికాలో చాలామందికి ఇది పెంపుడు జంతువు. కాలిఫోర్నియా, హవాయి రాష్ట్రాలు మాత్రం దీనిని పెంచనివ్వవు.

ఎవరో వదిలివేయగా జంతు సంరక్షణశాలకు చేరిన ఆడ ఫెర్రెట్ అది. మనుమరాలు తెచ్చుకొన్న నాటికి దాని బరువు 520 గ్రాములు. ఆడ ఫెర్రెట్ సాధారణంగా 600 గ్రాముల నుంచి కిలో వరకు తూగుతుంది. వెన్నెముక మీద వేలు పెడితే పూసలు ఒక్కొక్కటిగా లెక్కకు వచ్చేవి. అక్కడి వైద్యుడు పరీక్షించి నట్టలు లేవన్నాడు, బలమైన ఆహారం పెట్టమన్నాడు.

ఈ మాట చెవినపడగానే వంటింట్లో నుంచి అమ్మమ్మగారు పరుగున వచ్చారు. చోడి అంబలి పట్టించమన్నారు, పాలలో బెల్లం కలిపి పొయ్యమన్నారు. ఈ ప్రాంతంలో ఎందరు పసివాళ్ళను నిలబెట్టిన ఆహారమో అది! కాని ఫెర్రెట్ పూర్తిగా మాంసాహారి. దాని పేగు చాలా పొట్టిది, తిన్నది మూడు నాలుగు గంటల్లోనే బయటకు వెళ్ళిపోతుంది. గింజలలోని పీచు దానికి అరగదు, పాలు విరేచనాలు కలిగిస్తాయి, తీపి పనికిరాదు. మాంసం, గుడ్డు, వాటిలోని కొవ్వు, ఇవే దానికి ఆధారం. అందుచేత అమ్మమ్మగారి వైద్యం సముద్రం దాటలేకపోయింది. ఆవిడ నాలుగు రోజులు ఆ జంతువు మాట ఎత్తలేదు.

మనుమరాలు మాంసమే పెట్టింది. మొదట రెండు పూటలు, తరువాత నాలుగు పూటలు, ఆ తరువాత గిన్నె ఖాళీ కానివ్వకుండా పెట్టింది. రెండు వారాలకు తూచి చూస్తే 490 గ్రాములే వచ్చింది.

ఆ రోజు తాతగారు ఫోనును గిన్నె దగ్గర పెట్టమని, అది తినడం అరగంట సేపు చూశారు. ఆత్రంగా వస్తుంది, రెండు ముక్కలు తింటుంది, ఆగిపోతుంది. పళ్ళు కొరుకుతుంది. ముందు కాలితో మూతి గీరుకొంటుంది. మలం సన్నగా, నల్లగా ఉందని మనుమరాలు చెప్పింది.

ఆయన కళ్ళ ముందు ఒక ఆవు మెదిలింది. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో అది సంతవీధిలో తిరుగుతూ ఉండేది. పగలంతా ఏదో ఒకటి నమిలేది, కండ మాత్రం పట్టేది కాదు. జాలిపడి జనం గడ్డి వేసేవారు. నట్టల మందు రెండుసార్లు పట్టించారు. చివరకు డాక్టరుగారు దాని ఎడమ డొక్క కోసి, పొట్టలో నుంచి గంపెడు పాలిథిన్ సంచులు బయటకు తీశారు. తాళ్ళలా పేనుకొని, ఉండలు కట్టి ఉన్నాయి. వాటి మధ్య ఒక చెప్పు పట్టీ కూడా ఉంది. ఆనాడు పళ్ళెం పట్టుకొని పక్కన నిలబడినది ఈ కాంపౌండరుగారే. చోటంతా చెత్త ఆక్రమించిన పొట్టకు ఎంత మేత వేస్తే మాత్రం ఏమి ప్రయోజనం?

తిండి దొరకడం వేరు, ఆ తిండి ఒంటికి చేరడం వేరు. దీనికి ఆ ప్రాంతంలోనే మరొక సాక్ష్యం ఉంది. టెక్కలి సమీపంలోని తేలినీలాపురానికి ఏటా గూడబాతులు వచ్చి చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లలను పెంచుతాయి. ఊరివారు వాటిని శుభానికి సంకేతంగా భావిస్తారు. 2021 డిసెంబరు, 2022 జనవరి నెలల్లో ఆ పక్షులు పెద్దసంఖ్యలో చచ్చి నేలరాలాయి. నెమటోడ్ జాతి పురుగులే కారణమని పరీక్షలలో తేలింది. చేపలు తినే పక్షులకు అటువంటి పురుగులు చేపల ద్వారానే సంక్రమిస్తాయి. బతికించవలసిన మేతలోనే ఆపద దాగి వచ్చిందన్నమాట.

“అది ఏటి తిందో కాదు తల్లీ, ఏటి మింగిందో చూపించు” అన్నారు తాతగారు.

మరునాడు ఎక్స్‌రే తీయించారు. కడుపులో ఏదో ఉన్నదని అనుమానం కలిగింది. శస్త్రచికిత్సలో టీవీ రిమోట్ మీట ఒకటి బయటపడింది, రబ్బరుది. ఎవరి ఇంట్లో ఎప్పుడు మింగిందో! రబ్బరు కొరికి మింగడం ఈ జంతువులకు సహజ దుర్గుణమట. అక్కడి వైద్యుడు ఈ అనుమానం ఎవరికి వచ్చిందని అడిగితే, ఆవుల డాక్టరుకని మనుమరాలు చెప్పింది. తాతగారు డాక్టరు కాదు. అయినా ఆ ఒక్కమాటను ఆయన సవరించలేదు.

అసలు కష్టం ఆ తరువాత మొదలయింది. అడ్డు తొలగింది కనుక ఇక కడుపునిండా పెట్టవచ్చునని మనుమరాలు ఉబలాటపడింది. తాతగారు వద్దన్నారు. ఎందుకని ఆమె వాదించింది. అప్పుడు ఆయన, అంతవరకు ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్పారు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలు కూకటివేళ్ళతో కూలాయి. గడ్డివాములు తడిసి కుళ్ళాయి. ఒక రైతు కుటుంబానికి మిగిలిన ఒక్క పాడి ఆవు ఆరు రోజులు అరకొర మేతతో గడిపింది. ఏడవనాడు అటుగా వెళ్ళిన కాంపౌండరుగారిని ఆ ఇల్లాలు, “దీనికి ఏటి పెట్టమంటారు బాబూ?” అని అడిగింది. రెండు రాత్రులుగా నిద్రలేని ఆయన, “ఏది ఉంటే అది కడుపునిండా పెట్టమ్మా” అని చెప్పి ముందుకు సాగిపోయారు. ఆమె ఇంట్లో ఉన్నది సాయంగా వచ్చిన బియ్యం. పెద్ద గుండిగతో వండి, తొట్టె నిండా పోసింది. తెల్లవారేసరికి ఆవు పొట్ట ఉబ్బి, కాళ్ళు చాపుకొని పడి ఉంది. అన్నం ఒక్కసారిగా ఎక్కువగా పడితే నెమరువేసే పశువు పొట్టలో వేగంగా పులిసి ఆమ్లంగా మారుతుందనీ, మేత లేక డీలాపడిన పశువుకు అది విషమేననీ ఆయన అంతకు ముందు ఎన్ని ఊళ్ళలో చెప్పారో! ఆనాడు చెప్పలేదు. ఆ ఇల్లాలు ఆయనను ఒక్కమాట కూడా అనలేదు. అందుకే ఆయన ఆ వీధిన మళ్ళీ వెళ్ళడానికి సంవత్సరం పట్టింది.

మనుమరాలు మరి వాదించలేదు. ఫెర్రెట్ పొట్ట ఆవు పొట్ట వంటిది కాకపోయినా, చాలాకాలం పస్తులున్న ఏ శరీరానికైనా ఒక్కసారిగా తిండి ఎక్కువైతే నెత్తుటిలోని లవణాల పొందిక చెడుతుందని అక్కడి వైద్యుడు కూడా హెచ్చరించాడు. మెత్తగా రుబ్బిన కోడిమాంసాన్ని గోరువెచ్చని నీటితో జావగా కలిపి, నాలుగు గంటలకు ఒకసారి రెండు చెంచాలు మాత్రమే పెట్టమన్నాడు. చిన్ననాడు అలవాటు కాని ఆహారాన్ని ఫెర్రెట్ ఆహారంగానే గుర్తించదు. అందుచేత మొదటి మూడు రోజులు జావను వేలితో దాని మూతికి రాసి నాకించవలసివచ్చింది. గుడ్డులోని పచ్చసొన కొద్దిగా కలపడం రెండవ వారంలోగాని సాధ్యపడలేదు.

టెక్సాస్‌లో రాత్రి రెండు గంటలైతే టెక్కలిలో మధ్యాహ్నం ఒంటిగంటన్నర. తాతగారు భోజనానికి కూర్చునే వేళ అదే. కంచం ముందు పెట్టుకొని ఫోను చేసి మనుమరాలిని లేపేవారు. ఆమె నిద్రకళ్ళతో జావ వెచ్చబెట్టేది. అక్కడ అది రెండు చెంచాలు నాకిన తరువాతనే ఇక్కడ ఆయన ముద్ద కలిపేవారు. అమ్మమ్మగారి అలక కూడా ఆ రోజుల్లోనే తీరింది. “పాపం, గుంట నిద్ర చెడగొట్టుకుంటంది” అని గొణుగుతూనే, గడియారం చూసి ఫోను అందించేది ఆవిడే.

ప్రతి ఆదివారం వంటింటి త్రాసులో దాని బరువు తూచి అంకె పంపడం నియమమయింది. తాతగారు దానిని పాలలెక్కల పుస్తకం చివరి పేజీలో రాసుకొనేవారు. 490 తరువాత 495. పదిహేను రోజులకు 510. జనవరి చివరకు 600. ఒక వారంలో ఏకంగా 40 గ్రాములు పెరిగితే ఆయన సంతోషించలేదు, పూటకు అర చెంచా తగ్గించమన్నారు. ఆయనకు కావలసింది పొట్ట కింద వేలాడే కొవ్వు కాదు, వెన్ను వెంట గట్టిపడే కండ. మార్చి రెండవ వారానికి 740 గ్రాములు. అప్పటికి అది పరుపుల కిందా, సోఫాల వెనుకా దొంగాటలాడుతోంది. ఇంట్లోని రిమోట్లన్నీ బీరువా మీదికి ఎక్కాయి.

మే నెలలో ఒక ఆదివారం అంకె రాలేదు. మనుమరాలే మాట్లాడింది. గొంతులో వణుకు ఉంది. బరువు 690కి దిగిందట. మళ్ళీ ఏదో మింగి ఉంటుందనీ, తిండి రెట్టింపు చేస్తాననీ అన్నది.

“తింటోందా?”

“తింటోంది.”

“పళ్ళు కొరుకుతోందా?”

“లేదు.”

“మలం?”

“బాగానే ఉంది తాతా.”

“వెన్ను మీద వేలు పెట్టి చూడు. పూసలు తగులుతున్నాయా?”

కాసేపు నిశ్శబ్దం. తెరమీద ఫెర్రెట్ ఆమె చేతిలో నుంచి జారిపోవడానికి మెలికలు తిరుగుతోంది. బొచ్చు పలచబడి, ఒళ్ళు నునుపు తేలి ఉంది. ఈ జంతువు చలికాలంలో ఒళ్ళు చేసి, ఎండలు ముదిరేసరికి కొంత తీస్తుంది.

“కండే తగులుతోంది” అన్నది మనుమరాలు.

“అయితే ఎప్పుడు పెట్టేదే పెట్టు. వచ్చే ఆదివారం మళ్ళీ తూచు.”

ఆయన పాలలెక్కల పుస్తకం తీసి 690 అని రాశారు. పక్కన, చిన్న అక్షరాలతో, ‘ఎండకాలం’ అని చేర్చారు.