మూడు కిటికీల రెక్క



వానాకాలంలో హాస్టల్ లైటు చుట్టూ మూగే వాటన్నిటికీ మనలో చాలామందిమి ఒకటే పేరు పెడతాం, దీపం పురుగులు అని. మద్ది చెట్ల మీది దసలి పురుగుకు మాత్రం విడిగా పేరుంది. దాని కాయకు డబ్బులొస్తాయి కదా. ఆ దసలికి చుట్టం అయిన ఇంకో రెక్కల పురుగు గురించి ఈసారి రాస్తున్నాం. దాని ప్రజాతి పేరు క్రికులా.

ఇది ఆసియాది, ఇండియా నుంచి ఇండోనేషియా దాకా ఉంటుంది. ఇందులో ఎక్కువగా కనబడే జాతి క్రికులా ట్రైఫెనెస్ట్రాటా. 1837లో హెల్ఫర్ దీన్ని వర్ణించాడు. ఆ పేరుకు లాటిన్‌లో 'మూడు కిటికీలది' అని అర్థం.

గుర్తుపట్టడం ఎలా? ముందు రెక్క చూడండి. రంగు ఎండుటాకులా పసుపు నుంచి ఎర్రమట్టి దాకా మారుతుంది, కాబట్టి రంగును నమ్ముకోవద్దు. రెక్క కొస దగ్గర నుంచి కింది అంచు దాకా ఏటవాలుగా ఒక ముదురు గీత ఉంటుంది. ఆడదానికి ముందు రెక్క మీద మూడు చిన్న మచ్చలు అద్దంలా ఉంటాయి, వాటిలోంచి అవతలిది కనిపిస్తుంది. మగదానికి అవి బాగా చిన్నవి, మూడూ తెలియకపోవచ్చు. అప్పుడు మీసాలు చూడాలి, మగదానివి ఈకల్లా వెడల్పుగా ఉంటాయి. దసలి దీనికన్నా చాలా పెద్దది, దాని నాలుగు రెక్కల మీదా గుండ్రటి కళ్లుంటాయి.

గూడు చూస్తే ఇక అనుమానమే ఉండదు. దసలి కాయ గట్టిగా, కాడతో గుడ్డులా వేలాడుతుంది. క్రికులా గూడు బంగారు రంగు వల, దాని నిండా కన్నాలే. గొంగళ్లు గుంపుగా ఆకు తింటాయి. వాటి నూగు తగిలితే దురద, చేత్తో పట్టుకోకండి.

అస్సాంలో ముగా పట్టు పెంచే సోమ్ చెట్ల ఆకును ఇది తినేస్తుంది, మామిడి, జీడిమామిడినీ వదలదు. అందుకే రైతుకు ఇది పీడ. ఇండోనేషియాలోని యోగ్యకర్త వైపు ఇవే గూళ్ల నుంచి దారం తీసి బట్టలు, వస్తువులు చేస్తున్నారు. పురుగు ఒకటే. తెలిసినవాళ్ల చేతిలో అది కూలి డబ్బయింది.

మన ఏజెన్సీ ఊళ్లలో జీడిమామిడి తోటలకు కొదవలేదు. ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు ఆకుల కింద చూడండి. ఏ పురుగు కనిపించినా ఫోటో, చెట్టు పేరు, నెల రాసి పెట్టుకోండి. దాన్ని ఏమంటారో అవ్వని, తాతని అడగండి. గోండి, కోయ, కోలామి, కువి, సవర, ఏ మాటలో చెప్పినా అలాగే రాయండి. లాటిన్ పేరు ఎప్పుడైనా పుస్తకంలో దొరుకుతుంది. అవ్వ చెప్పే పేరు ఆమె ఉన్నన్నాళ్లే దొరుకుతుంది.